ముసుగులో మామ తాగిన నీళ్లు

పోయిన నెల మా మనవరాలు చిన్ని పట్టుబట్టి నన్ను సినిమాకు లాక్కుపోయింది. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాటి మాల్ దాకా కారు ప్రయాణం, ఆ తర్వాత కదిలే మెట్లు, చేతికి బకెట్టంత డబ్బాలో వెన్న వాసన కొట్టే పేలాలు. పేలాలంటే నాకు తొలి ఏకాదశి నాడు బెల్లం వేసి దంచిన పిండి గుర్తొస్తుంది గానీ, చీకట్లో కూర్చుని పిడికిళ్లతో మెక్కడం ఇప్పటికీ అలవాటు కాలేదు. సినిమాలో ఒక పిరికి కుర్రవాడున్నాడు. మందుల ప్రయోగశాలలో సీసాలు కడుగుతుంటాడు. కాలు జారి, పచ్చగా పొగలు కక్కుతున్న రసాయనాల తొట్టిలో పడ్డాడు. హాలంతా ఒకటే ఈలలు. చిన్ని నా మోచెయ్యి పట్టుకుని, "ఇగ సూడు నానమ్మా, ఇప్పుడు పవర్ వస్తది" అంది. వాడు లేచాడు. ఒళ్లు నిగనిగలాడుతోంది. ఒక్క గుద్దుకు గోడ కూల్చాడు. "రాదే!" అన్నాను నేను, పైకే, గట్టిగా. ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా చేసిన గొంతు నాది, మెల్లగా మాట్లాడడం చేతకాదు.

ఇంటికొచ్చేటప్పుడు చిన్ని నాకు ఓపిగ్గా పాఠం చెప్పింది. "పడాలె నానమ్మా. పడితెనే హీరో అయితడు. తర్వాత ముసుగు ఏసుకుంటడు, ఎవ్వరికీ చెప్పడు. ఆయనకు బాగ ఇష్టమున్నోళ్లు ఎవరన్న సచ్చిపోతరు, గప్పుడు ఆయన లోకాన్ని కాపాడుతడు. అన్ని సినిమాల గిట్లనే ఉంటది, నీకు తెల్వదు." నాకు తెలియకపోవడమేమిటి? దీని తండ్రి కూడా పుట్టకముందే ఈ సూత్రాలన్నీ వల్లె వేసినదాన్ని. నేర్పినవాడు మా మల్లేశం మామ. ఆ మాట పిల్లకు చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే మామ పేరు తలచుకుంటే ఆయన మీద నాకున్న ప్రేమ, ఆయన మీద నాకున్న కోపం రెండూ ఒకేసారి ముందుకొస్తాయి. ఇన్నేళ్లొచ్చినా ఇంతే.

మేమప్పుడు కాజీపల్లి దిక్కు, ఒక మందుల ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని కట్టిన లైన్ ఇళ్లలో కిరాయికి ఉండేవాళ్లం. ఆ ఫ్యాక్టరీ పేరు రాయను. రాద్దామన్నా ఏ పేరు రాయాలో తెలియదు, అది ఇప్పటికి మూడు పేర్లు మార్చింది. గోడకు అవతలి వైపున్న ఊరి పేరు కూడా రాయను, అక్కడ ఇప్పుడు ప్లాట్లు అమ్ముకుంటున్నారు, నా మీదికి తగాదాకొస్తారు. ఇంట్లో మేం అయిదుగురం. నాయిన భానూరు వైపు ఒక కార్ఖానాలో ఫిట్టరు, తెల్లారకముందే సైకిలెక్కేవాడు. అమ్మ, అమ్మమ్మ, నేను, అమ్మ తమ్ముడు మల్లేశం మామ. మామ మా గోడ పక్క ఫ్యాక్టరీలోనే హెల్పరు. పర్మినెంట్ కాదు, కాంట్రాక్టు. ఆ "పర్మినెంట్" అన్న మాట మా ఇంట్లో దేవుడి పేరుకన్నా ఎక్కువసార్లు వినపడేది.

ఆ ఇంటికి తనదంటూ ఒక పద్ధతి ఉండేది. మామ డ్యూటీ దిగి నేరుగా ఇంట్లోకి రాకూడదు. బయట బండ మీద నిలబడి, చొక్కా ప్యాంటు విప్పి ఒక మూలన పడేసి, రెండు బకెట్ల నీళ్లు పోసుకున్నాకే గడప దాటాలి. ఆ బట్టల్ని అమ్మ వేరే ఉతికేది. ఒక వారం పసుపు నీళ్లు పారేవి, ఒక వారం గులాబీ రంగు. ఏ రంగు పారితే లోపల ఏ మందు చేస్తున్నారో మామ చెప్పేవాడు. అమ్మమ్మ పొద్దున్నే లేచి వాకిట్లో నిలబడి ముక్కు పైకెత్తి గాలి చూసేది. గాలి ఫ్యాక్టరీ మీదినుంచి వస్తుంటే "ఇయ్యాల తలుపులు తియ్యకుండ్రి" అని హుకుం. కుళ్లిన గోబీగడ్డకు కిరసనాయిలు కలిపినట్టుండేది ఆ వాసన. అన్నంలోకి కూడా వచ్చేది. పోను పోను అది లేని రోజే ఏదో తక్కువైనట్టు తోచేది మాకు.

నీళ్ల విషయంలో మాత్రం అమ్మమ్మ రాజీ పడేది కాదు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు మంజీరా నది నీళ్లు వచ్చేవి. మామ రోజూ డ్యూటీ దిగి వచ్చేటప్పుడు సైకిలు క్యాన్లో పట్టుకొచ్చేవాడు. అమ్మమ్మ వాటిని నాలుగు మడతల పాత ధోవతిలో వడగట్టి, సంగారెడ్డి అంగట్లో కొన్న వట్టివేళ్ల కట్ట ఒకటి కుండలో వేసి, పైన తడిగుడ్డ చుట్టేది. ఎండాకాలంలో ఆ నీళ్లు గొంతులోకి దిగుతుంటే వాన పడ్డ మట్టి మీద ముఖం పెట్టి పడుకున్నంత హాయిగా ఉండేది. ఆ చుట్టుపక్కల అట్లాంటి నీళ్లు ఇంకెవరింట్లోనూ లేవని నా గర్వం.

మామకు సినిమా పిచ్చి. చదివింది ఏడో తరగతి, కానీ ఆయన చూడని బొమ్మ లేదు. ఆదివారం వస్తే నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, రేకుల షెడ్డులో వీడియో ఆడించే చోటికి తీసుకుపోయేవాడు. అక్కడ ఎగిరే మనుషుల ఇంగ్లిష్ సినిమాలు వేసేవారు. షెడ్డులో ఒక్కడికీ ఇంగ్లిష్ రాదు. మామకూ రాదు. అయినా ఆయనే లేచి నిలబడి, తెర మీద పెదాలు కదిలినప్పుడల్లా తెలుగులో మాటలు అందించేవాడు. విలన్ పెద్ద ఉపన్యాసం దంచుతుంటే "ఓరి, ఇంతసేపు మాట్లాడినందుకే నువ్వు ఓడిపోతున్నవ్, గుద్దేదుంటే మొదలే గుద్దాలె" అని విలన్‌కే సలహా చెప్పేవాడు. షెడ్డంతా పడి పడి నవ్వేది. చాలా ఏళ్ల తర్వాత, ఇంగ్లిష్ వచ్చాక, ఆ సినిమాల్లో ఒకటి టీవీలో చూశాను. మామ చెప్పిన కథ అందులో లేనే లేదు. మామ కథే బాగుంది.

సూత్రాలు కూడా అప్పుడే చెప్పేవాడు. హీరో మొదట మామూలు మనిషై ఉండాలి. ఏదో విషం వాడి ఒంట్లోకి పోవాలి, అందరినీ చంపేది వాడికి బలమవ్వాలి. కళ్ల దగ్గర జానెడు గుడ్డ కట్టుకుంటే చాలు, కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. ఆపద వస్తే ఆకాశంలో గుర్తు కనిపించాలి, అన్నం ముందు కూర్చున్నా సరే లేచి పోవాలి. ఇవన్నీ సినిమావే. చివరి సూత్రం ఒక్కటి మాత్రం మామ సొంతంగా కలిపింది: "ముసుగున్నంత సేపు అబద్ధం ఆడొద్దు బిడ్డా. ఆడితే బలం పోతది." ఆ మాట ఆయనకు ఎక్కడిదో నాకు తెలుసు. అమ్మమ్మది. మా దిక్కు ఊళ్లలో భాగవతం ఆడేవాళ్లు వస్తే, ముఖానికి రంగున్నంతసేపు వేషగాణ్ణి పేరు పెట్టి పిలవరు. వాడు పక్కింటి బాలయ్యే కావచ్చు, నిన్న వాడితో పొలం గెట్టు తగాదా పడే ఉండవచ్చు, రంగు పూసుకుని కిరీటం పెట్టుకున్నాడంటే ముసలీ ముతకా కొబ్బరికాయ కొట్టి కాళ్లు మొక్కుతారు, పిల్లాజెల్లా బాగుండాలని దీవెన అడుగుతారు. తెర వెనక్కి ఎవరూ తొంగి చూడరు, అది పాపం. వేషం మీదున్నవాడి నోట అబద్ధం రాదని నమ్మకం.

ఇంకొకటి ఉంది. వానాకాలం మబ్బు పట్టిందంటే ఫ్యాక్టరీ నుంచి ఎవరో ఒకరు సైకిలు మీద వచ్చి మామను పిలుచుకుపోయేవారు. సెలవు రోజైనా సరే, విస్తరి ముందు నుంచైనా సరే. "వానొస్తే మనోనికి పనెక్కువ" అనేది అమ్మ. నాకు మాత్రం ఆకాశంలో గుర్తు కనిపించినట్టే. నల్లటి మబ్బు కమ్ముతుంటే మా మామ గొంగడి కప్పుకుని వానలో పరుగెత్తుతున్నాడు, ఎవరినో కాపాడడానికి. బడిలో సుగుణకు ఇదంతా చెప్పేదాన్ని. సుగుణ గోడకవతలి ఊరి పిల్ల, నా బెంచీలో నా పక్కన కూర్చునేది. వాళ్లకు ఒక బావి, రెండెకరాల కూరగాయల మడి, మూడు బర్రెలు. నేను చెప్పేదంతా నోరు తెరుచుకుని వినేది. "మీ మామ అసొంటోడు మాకుంటే మంచిగుండు" అనేది.

ఫ్యాక్టరీలో ఏటా భద్రతా వారం జరిగేది. కొత్తగా వచ్చిన సేఫ్టీ సారు కోస్తా వైపాయన, ఉపన్యాసాలు పెడితే కార్మికులు నిద్రపోతున్నారని, ఈసారి నాటకం వేయిద్దామన్నారు. "ఎవరయ్యా ఇక్కడ యాక్టింగు బాగా చేసేది?" అంటే అందరి వేళ్లూ మామను చూపించాయట. అట్లా పుట్టాడు కవచ వీరుడు. యాసిడ్ పనివాళ్లు కట్టుకునే రబ్బరు ఏప్రాన్ వెనక్కి తిప్పి కడితే అదే ఎగిరే దుప్పటి. మందు వడగట్టే కాన్వాసు గుడ్డలో కళ్లకు రెండు చిల్లులు పెడితే అదే ముసుగు. ఆకుపచ్చ ప్యాంటు మీద ఎర్ర నిక్కరు. అది చూసి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "లోపల ఏసుకునేది పైన ఏసుకున్నవేందిరా తమ్మీ?" "నీకు తెల్వదు అక్కా, అన్ని దేశాల గిట్లనే ఏసుకుంటరు" అన్నాడు మామ, చాలా గంభీరంగా. అమ్మమ్మ నవ్వలేదు. ముసుగు కట్టుకోగానే లేచి వచ్చి, కొంగు తల మీదికి కప్పుకుని, కన్నకొడుకు కాళ్లకు వంగి మొక్కింది. మామ ఒక్క క్షణం తత్తరపడ్డాడు. తర్వాత చెయ్యెత్తి దీవించాడు. ఆ వేళ నాకు ఒళ్లంతా పులకించింది.

నాటకం బ్రహ్మాండంగా పేలింది. హెల్మెట్ పెట్టుకోని వాణ్ణి కవచ వీరుడు చెవి పట్టి లేపితే జనం చప్పట్లు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలందరికీ మామ తెలిసిపోయాడు, కానీ ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ముసుగాయన అన్నారు. నడకలో ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు కాబట్టి ఆ వేషంలో ఉన్నది ఎవరో పసిపిల్లకైనా తెలుసు, అయినా తెలియనట్టే ఉన్నారు. అది మర్యాద. ముసుగు కడితే ఎవరూ గుర్తుపట్టరనే సినిమా సూత్రం చూసి చదువుకున్నవాళ్లు నవ్వుతారు గానీ, మా దిక్కు అది నిజంగానే నడిచింది.

ఇక అసలు సంగతి. గోడకవతలి ఊళ్లో బావి నీళ్లు రంగు మారాయి. సుగుణా వాళ్ల బావిలో పైన నూనె తెట్టులాంటిది తేలేది, నోట్లో పోసుకుంటే సబ్బు చప్పరించినట్టు చేదు. మోచేతుల దాకా దద్దుర్లతో బడికొచ్చేది సుగుణ. ఒక బర్రె చచ్చిపోయింది. ఊరంతా కదిలి ఫ్యాక్టరీ గేటు ముందు బైఠాయిస్తే, కంపెనీ వాళ్లు దిగొచ్చి, రోజూ పొద్దున ఒక ట్యాంకర్ మంజీరా నీళ్లు పంపడానికి ఒప్పుకున్నారు. ఆ ట్యాంకరే ఊరికి ప్రాణమైంది. సుగుణా వాళ్లమ్మ అప్పుడు కడుపుతో ఉంది. ట్యాంకర్ హారన్ వినపడితే ఒట్టి మనిషి కాకపోయినా బిందె పట్టుకుని పరుగున వచ్చేదట. కానీ ట్యాంకర్ రోజూ నడిస్తే బావి చెడింది తమ వల్లేనని కంపెనీ ఒప్పుకున్నట్టే కదా. దాన్ని ఆపాలి, ఆపితే గొడవ కాకూడదు. సేఫ్టీ సారుకు మళ్లీ నాటకమే తోచింది. ఈసారి ఊళ్లోనే, బడి ముందు మైదానంలో. చివర్లో కవచ వీరుడు అందరి ముందు ఆ బావి నీళ్లు తాగుతాడు. తాగితే పర్మినెంట్ అన్నారట మామతో. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ పొద్దున అమ్మ కుండలోంచి నీళ్లు ముంచి పెద్ద స్టీలు ఫ్లాస్కులో పోయడం చూశాను. "ఎవరికమ్మా?" అంటే "మామ ఎండల ఎగురుతడు గద, దూప అయితది" అంది. నాకందులో వింత ఏమీ తోచలేదు.

మైదానం నిండింది. రెండు గుంజలకు తెల్ల దుప్పటి తెర కట్టారు. మామ ఎగిరాడు, దూకాడు, రాక్షసుణ్ణి మట్టి కరిపించాడు. ఆ తర్వాత ఊరి సర్పంచు చేతే సుగుణా వాళ్ల బావిలోంచి బొక్కెనతో నీళ్లు చేదించి, అందరూ చూస్తుండగా ఒక జగ్గులో పోయించారు. సేఫ్టీ సారు ఆ జగ్గు పట్టుకుని, "గడ్డీ గాదం ఉంటుందండీ, గుడ్డలో వడగట్టి తెస్తాం" అని తెర వెనక్కి వెళ్లారు. తెర వెనక ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. చెప్పాను కదా, మా దిక్కు తెర వెనక్కి చూడరు. జగ్గు తిరిగొచ్చింది. మామ దాన్ని రెండు చేతులతో పైకెత్తి, సూర్యుడికి చూపించి, గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, "బాయి నీళ్లు మంచిగున్నయి. ముసుగు మీద ఒట్టు!" అన్నాడు. ముసలమ్మలు చేతులు జోడించారు. వెనకాల ఎవరో కొబ్బరికాయ కొట్టారు.

జగ్గులో ఇంకా నీళ్లున్నాయి. దేవుడి తీర్థం కోసం ఎగబడ్డట్టు పిల్లలు ఎగబడ్డారు. అందరికన్నా ముందు సుగుణ దోసిలి పట్టింది. మామ వంగి పోశాడు. తాగి, కళ్లు పెద్దవి చేసి, "అమ్మా! నీళ్లు తియ్యగైనయే!" అని అరిచింది. ఆ అరుపుతో గుంపంతా హోరెత్తింది. ముసుగాయన చెయ్యి తగిలి బావి బాగుపడిందన్నారు. మూలన నిలబడ్డ సుగుణా వాళ్లమ్మ తన కడుపు మీద చెయ్యి వేసుకుని కళ్లు తుడుచుకుంది. తర్వాతి దోసిలి నాది. నీళ్లు నాలుకకు తగిలీ తగలగానే నాకు వట్టివేళ్ల వాసన వచ్చింది. మా కుండ. మా అమ్మమ్మ ధోవతి. మా ఇల్లు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా నాలుక పట్టింది. "ఇవి మా ఇంటి నీళ్లు!" అని అరిచాను. "మామా, ఇవి మా కుండల నీళ్లు గద!" ముసుగు చిల్లుల్లోంచి మామ నన్ను చూశాడు. ఆ చూపు నేను ఎప్పటికీ మరిచిపోలేను. తిట్టలేదు, బెదిరించలేదు. నేనెవరో తెలియనట్టు చూశాడు. తర్వాతి పిల్లవాడి దోసిట్లో నీళ్లు పోశాడు. నేను మళ్లీ నోరు తెరిచేలోగా అమ్మమ్మ చెయ్యి నా నోటి మీద పడింది. "వేషం మీదున్నోణ్ణి గట్లంటరానే? కండ్లు పోతయ్!" సుగుణ కూడా నన్ను మందలించింది. "మీ మామ మంచి చేస్తుంటె నీకు కుళ్లెందుకే పద్మా?"

ఇంటికెళ్లి అమ్మను నిలదీశాను. అమ్మ అబద్ధం ఆడలేదు. పొయ్యి ఊదుతూ, నా వైపు చూడకుండా, "అవ్, నేనే పంపిన. గా బాయి నీళ్లు తాగితె వాని పెయ్యి పాడు కాదా? నా ఒక్కగానొక్క తమ్ముడు" అంది. అంతే. అప్పుడర్థమైంది నాకు. అంటే ఆ నీళ్లు విషమని అమ్మకు తెలుసు. నాయినకు తెలుసు. కొడుకు కాళ్లు మొక్కిన అమ్మమ్మకు కూడా తెలిసే ఉండాలి. ఊరి ముందు ఒట్టు పెట్టించి, తమవాడికి మాత్రం ఫ్లాస్కు కట్టి పంపారు. ఇందుకేనా ఆదివారాలన్నీ నాకు హీరోల కథలు చెప్పింది! ఆ రాత్రి మామ బలం పోతుందని ఎదురుచూశాను. జ్వరమో, వాంతులో, ఏదో ఒకటి రావాలి కదా, ఆయన సూత్రమే కదా. మామ కడుపు నిండా తిని, ఈల వేసుకుంటూ సైకిలు తుడుచుకున్నాడు.

వారం తిరగకుండానే ట్యాంకర్ ఆగిపోయింది. ఊరి పెద్దలు అడగడానికి పోతే, "మీ ముసుగాయనే తాగాడు కదండీ" అన్నారట సారు. పెద్దలు తిరిగొచ్చేశారు. వేషం మాట కాదంటే తమ నమ్మకాన్ని తామే కాదన్నట్టు. మళ్లీ ఆ చేదు నీళ్లే తాగారు. తియ్యదనం రెండో రోజే పోయిందని, అది తమ ఖర్మని అనుకున్నారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు. ఎండాకాలం చివర్లో సుగుణా వాళ్లమ్మకు ఏడో నెలలో కడుపు పోయింది. సంగారెడ్డి పెద్ద దవాఖానలో వారం ఉంది. ఆ నీళ్ల వల్లేనని ఏ డాక్టరూ రాసివ్వలేదు, నేనూ రాయలేను. సుగుణ బడి మానేసింది. మిగిలిన బర్రెల్ని అమ్ముకుని వాళ్లు పట్నంలో కూలికి పోతున్నారని తెలిసి, బస్సు దగ్గరికి పరుగెత్తుకుంటూ వెళ్లాను.

మూటల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. కోపంగా ఉంటుందనుకున్నాను, లేదు. అదే నాకింకా బాధ. "నువ్వు ఆ దినం చెప్పింది నిజమే గద పద్మా?" అంది. తల ఊపాను. "మా నాయిన మీ మామను సూసిండు. వాన పడుతుంటె వాగు కాడ ఫ్యాక్టరీ మురుగు గేటు ఎత్తుతుండంట. లోపటి నుంచి ఎర్ర నీళ్లు దుంకినయంట. వాన నీళ్లల్ల కలిసిపోతె ఎవరికీ తెల్వదని. నాయిన ఒర్లిండంట, మీ మామ తిరిగి సూడలే." మబ్బు పట్టినప్పుడల్లా మామను పిలిచేది ఎందుకో అప్పుడు తెలిసింది. ఆకాశంలో గుర్తు కనిపిస్తే అన్నం ముందు నుంచి లేచి, గొంగడి కప్పుకుని, ఆయన పరుగెత్తింది ఇందుకు. బస్సు వచ్చింది. వాళ్లమ్మను ఇద్దరు పట్టి ఎక్కించారు. ఆ తర్వాత సుగుణ నాకు కనిపించలేదు. బస్సుల్లో, దవాఖానల్లో, నా దగ్గర చదివే పిల్లల తల్లుల్లో నలభై ఏళ్లుగా ఆ ముఖం కోసం చూస్తూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి మామతో మునుపటిలా మాట్లాడలేదు. పెళ్లిళ్లకు, చావులకు కలిసేవాళ్లం. ఆయన "బిడ్డా" అంటే "ఊఁ" అనేదాన్ని. అమ్మా అమ్మమ్మా పోయాక ఆ రాకపోకలూ తగ్గాయి. ఎవరూ నన్ను కారణం అడగలేదు. అందరికీ తెలుసు, తెలియనట్టున్నారు.

సినిమా చూసొచ్చిన మూడోనాడు ఉండబట్టలేక సంగారెడ్డి పాత బస్టాండు వెనక మామ ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, నలభై ఏళ్ల తర్వాతైనా ఆయన నోటి వెంట ఒక్క మాట వినాలని. తప్పయిందని అంటే చాలు, క్షమించేద్దామనే వెళ్లాను. నా అంతట నేనే దారి పొడుగునా క్షమిస్తూ వెళ్లాను. మామ బాగా ముసలివాడయ్యాడు. కాలు ఇంకా ఈడుస్తున్నాడు. నన్ను చూసి పిల్లవాడిలా సంబరపడి, కుర్చీ తుడిచి వేసి, అత్తను చాయ్ పెట్టమన్నాడు. చిన్ని సినిమా ముచ్చట చెబితే పగలబడి నవ్వాడు. "ఇంక గవే ఉన్నయా? తొట్టిల పడుడు, ఎగురుడు?" నేనిక ఆగలేదు. కవచ వీరుడి మాట ఎత్తాను.

మామ ముఖం మాడిపోయింది. "నన్ను శాన మోసం జేసిండ్రు బిడ్డా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పర్మినెంట్ జేస్తమన్నరు. మూడేండ్లు తిప్పుకున్నరు. ఆఖరికి కాంట్రాక్టోడు మారిండని గేటు బయట నిలబెట్టిండ్రు. వాళ్ల కోసం నేను ఎంత జేసిన! గసొంటోళ్లను నమ్మొద్దు బిడ్డా." నిజంగా ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు చూసి జాలి పడాల్సింది. పడలేకపోయాను. ఇన్నేళ్లుగా ఆయన ఒక గాయాన్ని మోస్తున్నాడు, నిజమే, కానీ అది నేననుకున్న గాయం కాదు. నేను వెతుక్కుంటూ వచ్చిన మామ అక్కడ లేడు.

"సుగుణ యాదికున్నదా మామా?" అని అడిగాను.

"ఏ సుగుణ?"

చెప్పాను. బావి వాళ్లది, బర్రెలు వాళ్లవి, కడుపు పోయింది వాళ్లమ్మది. మామ నుదురు ముడిచాడు. సుగుణ పట్నం పోయిందనీ, మళ్లీ కనపడలేదనీ చెప్పాను. తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. జగ్గులో నీళ్లకు అందరికన్నా ముందు దోసిలి పట్టిన పిల్ల అన్నాను. అప్పుడు ఆయన ముఖం విప్పారింది.

"ఆ పోరేనా! యాదికొచ్చింది. నా చేతులతోని పోసిన గద, కడుపు నిండ తాగింది." కళ్లు తుడుచుకుని నా వైపు వంగి, నన్ను ఓదారుస్తున్నట్టు చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పిల్లకు నేను మంచి నీళ్లే పోసిన బిడ్డా."

అత్త చాయ్ తెచ్చి ముందు పెట్టింది. నేను తాగకుండానే లేచి వచ్చేశాను.